పప్పు డబ్బాలో కవరు

మా సార్ పోయారన్న కబురు నాకు మెట్రోలో అందింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి ఎల్బీనగర్ వెళ్తున్నాను, ఆయన దగ్గరికే. చైతన్యపురి దాటాక మేడమ్, అంటే సార్ భార్య, ఫోన్ చేశారు. ఎక్కడున్నావమ్మా అని అడిగారు. మేడమ్, దగ్గరికొచ్చిన, పది నిమిషాల్లో ఒస్తా అన్నాను. "నెమ్మదిగానే రా తల్లీ. ఆయన తెల్లారుతూనే వెళ్ళిపోయారు," అన్నారు.

సిగ్గుగా ఉన్నా ఒక మాట ముందే చెప్పేస్తాను. సార్ గురించి రాస్తూ దాచడం బాగుండదు. ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు. వాళ్ళ వంటింటి అలమరలో పప్పు డబ్బాల మధ్య ఉన్న ఒక స్టీలు డబ్బా, అందులోని కవరు. ఏడుపు తర్వాత వచ్చింది, ఎల్బీనగర్ స్టేషన్ మెట్లు దిగుతుంటే.

ఆ కవరు సంగతి తెలియాలంటే మా పనేమిటో కాస్త చెప్పాలి. ఎక్కడో విదేశంలో భూమి అడుగున సొరంగంలో ప్రోటాన్లను తెచ్చి ఒకదానితో ఒకటి గుద్దిస్తారు. గుద్దుకున్న చోటు చుట్టూ, కణాలను పసిగట్టే పలకలు పేర్చిన మేడంత డిటెక్టర్ ఉంటుంది. పరమాణువు నడిబొడ్డున ఉన్న కణాలను విడిపోకుండా పట్టి ఉంచే బలాన్ని పుస్తకాల్లో ప్రబల బలం అంటారు. అది ఎంత గట్టిదో కొలవడం నా థీసిస్. ప్రోటాన్లు గుద్దుకున్నప్పుడు కణాలు చాలాసార్లు రెండు పాయలుగా చిమ్ముతాయి. అప్పుడప్పుడు మూడో పాయ కూడా వస్తుంది. ఆ మూడోది ఎంత తరచుగా వస్తుందో లెక్కపెడితే బలం ఎంతో తెలుస్తుంది.

చిక్కంతా డిటెక్టర్‌తోనే. అది చూసింది చూసినట్టు చెప్పదు. కొంత మింగేస్తుంది, కొంత మసక చేస్తుంది. అందుకని కంప్యూటర్లో అచ్చం అలాంటిదే ఇంకో డిటెక్టర్ కడతాం. సార్ దాన్ని దొంగ డిటెక్టర్ అనేవారు. నిజమేమిటో మనకు ముందే తెలిసిన ఉత్తుత్తి గుద్దుళ్ళను దానిగుండా పంపి, అది ఎంత పాడుచేస్తుందో చూస్తాం. ఆ లెక్కతో అసలు డేటాను బాగుచేస్తాం. దొంగది అసలుదానిలా లేకపోతే బాగుచేసిందంతా చెడిపోయినట్టే.

మొదటిసారి ఇదంతా విన్నప్పుడు నాకు బుర్ర తిరిగింది. సార్ మా నాన్న ఏం చేస్తారని అడిగారు. సైదాబాద్‌లో ఉంటాం, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పని చేస్తాడు, అంతకుముందు పోచంపల్లి దగ్గర మగ్గం నేసేవాడు అన్నాను. "అయితే మీ ఇంట్లోనే ఈ పని తెలిసినాయన ఉన్నారు కదమ్మా. వచ్చే ఆదివారం తీసుకురా," అన్నారు. నాన్న ఒక చీర పట్టుకుని వచ్చాడు. ముడులు కట్టి రంగులో ముంచిన దారంతో నేసే చీర అది. నేసేటప్పుడు పువ్వు అంచులు కాస్త చెదురుతాయి. చెదిరిన పువ్వును చూసి ముడి ఎక్కడ వేశారో, దారం ఎంత జరిగిందో నాన్న వేలితో చూపిస్తుంటే, సార్ గంటసేపు వంగి చూశారు. కాఫీ చల్లారిపోయిందని మేడమ్ రెండుసార్లు గుర్తుచేయాల్సి వచ్చింది. నేను మాత్రం ఆ చీరలమధ్యే పెరిగి, ఒక్కసారి కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

రిటైరయ్యాక సార్ ఆఫీసు వాళ్ళింటి భోజనాల బల్లే. దాని మీద పళ్ళ బొమ్మల ప్లాస్టిక్ గుడ్డ, ఒక బత్తాయి, ఎర్ర పెన్సిలు. మనం చెప్పేది వింటూ బత్తాయి ఒలిచేవారు. ఏ సంఖ్య చెప్పినా ఆయన నోట వచ్చే ప్రశ్న ఒక్కటే: "అటూ ఇటూ ఎంత?" ఎంత కచ్చితంగా తెలుసో చెప్పని సంఖ్య ఆయన దృష్టిలో సంఖ్యే కాదు. ఆ ప్రశ్న మా ఒక్కళ్ళకే అయితే ఫరవాలేదు. గంటలో వస్తానన్న ప్లంబర్నీ అడిగేవారు. రైతుబజార్లో కిలో తూచిన అమ్మాయినీ అడిగితే ఆమె తిట్టిన తిట్లు మేడమ్ ఇప్పటికీ చెప్పి నవ్వుతారు. ఆ రోజు మెట్రోలో నేను పది నిమిషాలన్నప్పుడు మేడమ్ ఫోన్ వెనకాల ఆ ప్రశ్న వినపడలేదు.

ఇక కవరు. సార్ దగ్గర థీసిస్ చేసే ప్రతివాళ్ళకీ ఒక రహస్య సంఖ్య ఉంటుంది. ఆయనే దాన్ని పుట్టించి, మనం చదవలేని రూపంలో మన ప్రోగ్రాంలో దాచేవారు. మనకు కనపడే జవాబులో ఎప్పుడూ ఆ సంఖ్య కలిసి ఉంటుంది. దాన్ని తీసేస్తేనే అసలు జవాబు. ఆ సంఖ్యను కాగితం మీద రాసి కవర్లో పెట్టి, బంక అంటించి, అతుకు మీద ఆయనా మనమూ సంతకం చేస్తాం. కవరు మేడమ్ అధీనంలో ఉంటుంది, పప్పు డబ్బాల వరసలో. పనంతా అయ్యాక ఒక ఆదివారం పొద్దున అందరి ముందూ తెరవాలి. తెరిచేముందు సార్ అడుగుతారు, ఇంకేమైనా వెతకాల్సింది ఉందా అని. లేదు అనాలి. అన్నాక ఏదీ మార్చకూడదు, ఏ జవాబు వస్తే అదే రాయాలి.

ఎందుకింత తతంగం అని నేను ఒకసారి విసుక్కున్నాను. "మిగతావాళ్ళు కొలిచిన విలువ పుస్తకాల్లో ఉందిగా. మన జవాబు దానికి దగ్గరగా వచ్చిందనుకో, హమ్మయ్య అనుకుని చేతులు కట్టుకుంటాం. దూరంగా వచ్చిందనుకో, దగ్గరయ్యేదాకా తప్పులు వెతుకుతాం. ఎలా వచ్చినా ఒకేలా వెతకాలంటే అసలు జవాబు తెలియకూడదమ్మా," అన్నారు. బుద్ధిమంతురాలిలా తలూపాను.

నాలుగేళ్ళ పని చివరికొచ్చింది. పుణెలో ఒక పరిశోధన ఉద్యోగం నాకు ఖాయమైంది, నెలాఖరులోగా థీసిస్ ఇస్తేనే. కవరు తెరిచే ఆదివారం కూడా నిర్ణయమైంది. దానికి మూడు వారాల ముందు, ఒక మధ్యాహ్నం, మేడమ్ పెసరపప్పు డబ్బా అందుకోమన్నారు. డబ్బాలన్నీ ఒకే సైజు, అన్నింటి మీదా ఆమె పేరే చెక్కి ఉంది. నేను తెరిచింది పెసరపప్పు కాదు.

తెరవడం పొరపాటు. తర్వాత చేసింది పొరపాటు కాదు. వంటింటి కిటికీలోంచి ఎండ నేరుగా పడుతోంది. కవరు పల్చన. ఒక్కసారి పైకెత్తి పట్టుకున్నాను. మైనస్ గుర్తు, దాని వెనక అంకెలు, సార్ గుండ్రటి చేతిరాత. కవరు లోపల పెట్టి, అసలు పెసరపప్పు తీసుకుని పొయ్యి దగ్గరికి వచ్చేలోపు మనసులో లెక్క అయిపోయింది. నా అసలు జవాబు పుస్తకాల్లో ఉన్న విలువ పక్కనే వచ్చి కూర్చుంది. "ఏంటమ్మా అంత నవ్వొస్తోంది?" అన్నారు మేడమ్. ఏం లేదు మేడమ్ అన్నాను.

అప్పటికి నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఉంది. డిటెక్టర్‌లో ఒక మూల అసలు డేటాలో పాయలు తక్కువగా కనపడుతున్నాయి, దొంగ డిటెక్టర్‌లో ఎక్కువగా కనపడుతున్నాయి. తేడా పెద్దది కాదు. 'ఇది చూడాలి' అని రాసి కింద రెండు గీతలు గీసుకున్నాను. కవరు చూసిన రోజు నుంచి ఆ పేజీ తిప్పలేదు. తిప్పకూడదని నిర్ణయించుకున్నానని కాదు. అవసరం కనపడలేదు. జవాబు సరిగ్గానే వచ్చింది కదా, ఇంకేం చూడాలి?

ఆ మూడు వారాలూ, చూసిన సంగతి సార్ కనిపెడతారేమోనని భయం. ఆయన మామూలుగా అటూ ఇటూ ఎంత అన్నా ఉలిక్కిపడేదాన్ని. రోజూ చెప్పేద్దామనుకుంటాను, రోజూ పుణె గుర్తొస్తుంది.

ఆదివారం వచ్చింది. నాన్న స్వీటు డబ్బా పట్టుకుని వచ్చాడు. నాకంటే ముందు సార్ దగ్గర థీసిస్ చేసిన మా సీనియర్ వచ్చారు. మేడమ్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీశారు. సార్ ఉతికిన చొక్కా వేసుకున్నారు. నా వైపు తిరిగి, "ఇంకేమైనా వెతకాల్సింది ఉందామ్మా?" అన్నారు.

లేదు సార్. రెండు మాటలు. ఇంట్లో అద్దం ముందు అని చూసుకుని కూడా వచ్చాను. నాన్న నా ముఖం చూస్తున్నాడు. ఆ పేజీ నా బ్యాగులో ఉంది. గోడ మీద ఫ్యాన్ రెగ్యులేటర్ గుర్రుమంటోంది.

"సార్, నేను కవరు చూసిన," అన్నాను. "మూడు వారాలైంది."

మేడమ్ మూత పెట్టేశారు. నాన్నకు ఏమీ అర్థం కాలేదు. "ఏంది బిడ్డా, ఏం చూసినవ్?" అన్నాడు. సార్ బత్తాయి తీసుకుని, తొక్కంతా ఒలిచి, తొనలన్నీ విడదీసి ప్లేటులో పేర్చారు. నన్ను తిట్టినా బాగుండేది. తర్వాత అడిగారు, "చూశాక ఏం వెతకడం మానేశావు?"

ఎందుకు చూశావని అడుగుతారనుకున్నాను. దానికి జవాబు సిద్ధంగా ఉంది. ఈ ప్రశ్నకు మాత్రం నోట్‌బుక్ తీసి ఆ పేజీ చూపించాను. సార్ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఈ మూలలో పలకలు కొన్ని డేటా తీసిన ఏడాది చచ్చిపోయి ఉండాలి. నీ దొంగ డిటెక్టర్‌లో అవి బతికే ఉన్నాయి. ఏ ఏడాది వివరాలు వాడావు?" నేను వాడినవి దానికి ముందటి ఏడాదివి. అక్కడ పడిన మూడో పాయలను అసలు డిటెక్టర్ చూడనే లేదు. దొంగది చూశానంటోంది. పుస్తకాల్లోని విలువ పక్కన వచ్చి కూర్చున్న నా జవాబు తప్పు.

"మళ్ళీ చేయాలంటే నెలలు పడుతుంది సార్. పుణె ఉద్యోగం పోతుంది," అన్నారు సీనియర్.

"పోతుంది," అన్నారు సార్.

ఆ ఒక్క మాట అంత తేలిగ్గా ఎలా అన్నారని ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పటికి పూర్తిగా పోయిందని కూడా చెప్పలేను. సార్ పాత కవరు చింపేసి, లోపలి గదిలోకి వెళ్ళి కొత్త సంఖ్య పుట్టించారు. ఈసారి పెళ్ళి శుభలేఖ అట్ట మీద రాసి, మేడమ్ చపాతీలు చుట్టే వెండిరంగు కాగితంలో చుట్టి, అప్పుడు కవర్లో పెట్టారు. "పల్చటి కవరు పెట్టడం నా తప్పే. డిటెక్టర్‌ని నమ్మనివాణ్ణి మనుషుల్ని నమ్మాను," అని నవ్వారు. అతుకు మీద ఇద్దరం మళ్ళీ సంతకం చేశాం. స్వీట్లు ఎవరూ ముట్టుకోలేదు. చివరికి సారే ఒకటి తీసుకుని, "ఇవి దేనికి ఆగడం?" అన్నారు.

ఆటోలో నాన్న, "చెప్పకపోతె ఎవలికన్న తెలుస్తుండెనా?" అన్నాడు.

"ఎవలికి తెల్వకపోవు నానా."

"నేను నేసేటప్పుడు ఒక్క దారం తప్పు పడ్డా, కొన్నోళ్ళకు తెల్వకపోయేది. నాకే కండ్లల్ల కొట్టేది. ఇప్పి మల్ల నేసేటోన్ని. మీ అమ్మ తిట్టేది," అన్నాడు.

పుణె ఉద్యోగం పోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టాను. రెండు నెలలు గడిచేసరికి సార్‌కి కడుపునొప్పి అని మొదలై, పరీక్షల మీద పరీక్షలు చేసి, చివరికి డాక్టరు మమ్మల్ని గదిలోకి పిలిచారు. సార్, మేడమ్‌తో పాటు నేనూ వెళ్ళాను. డాక్టరు చాలా చుట్టూ తిప్పి ఆరు నెలలు అన్నారు.

"అటూ ఇటూ ఎంతండీ?" అన్నారు సార్.

డాక్టరు, అలా చెప్పలేమండీ, దేవుడి దయ అన్నారు. బయటికి వచ్చాక సార్, "మంచి డాక్టరే, పాపం. అది మాత్రం నేర్పలేదు వాళ్ళకి," అన్నారు. మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగారు. నాకు ఆ ఆరు అంకె తలలో గుచ్చుకుంది. దొంగ డిటెక్టర్ మళ్ళీ కట్టి, మళ్ళీ నడిపి, కవరు దాకా రావడానికి నేను వేసుకున్న లెక్క కూడా సుమారుగా అంతే.

చచ్చిపోయిన పలకల జాబితా తయారుచేయడం మా మొదటి పని. ఆ ఏడాది డిటెక్టర్ దగ్గర షిఫ్టుల్లో కూర్చున్నవాళ్ళు ఏ పలక ఎప్పుడు ఆగిపోయిందో చేత్తో ఎక్కించిన నోట్లు ఉన్నాయి. ఒకరు ఒక తీరు రాస్తే ఇంకొకరు ఇంకో తీరు. కంప్యూటర్ చేత పోల్చిస్తే సగం వదిలేస్తోంది. వాటిని చూసి నేను తొమ్మిది పేజీల జాబితా చేశాను. దాన్ని రెండో మనిషి సరిచూడాలన్నారు సార్. రోజూ క్లాసులయ్యాక సాయంత్రం వెళ్ళేదాన్ని. నేను నోట్లు చదివితే, ఆయన మంచం మీద ఒరిగి కూర్చుని, జాబితాలో ఆ నంబరు వెతికి ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టేవారు. "చచ్చినవాటిని చచ్చినట్టే రాయాలమ్మా," అనేవారు. "వేరే మాటలే దొరకవా మీకు?" అని మేడమ్ వంటింట్లోంచి కేకలేసేవారు.

మొదట్లో రోజుకు పేజీ అయ్యేది. తర్వాత సగం. తర్వాత పది నంబర్లకే పెన్సిల్ జారిపోయేది. నేను ఆగలేకపోయాను. తొమ్మిది పేజీలూ సరిగ్గానే ఉన్నాయనుకుని, అన్నింటినీ దొంగ డిటెక్టర్‌లోకి ఎక్కించి నడపడం మొదలుపెట్టాను. నడవడానికే ఆరు వారాలు పడుతుంది మరి. సార్‌కి చెబితే, "నడవనీ. తప్పు దొరికితే మళ్ళీ నడుపుదాం," అన్నారు. మళ్ళీ నడిపేదాకా ఉంటానని అనుకుంటున్నారా, లేక నాకోసం అంటున్నారా, అడగడానికి ధైర్యం చాలలేదు. అడిగి ఉండాల్సింది.

ఆరు వారాలూ అయ్యాయి. రహస్య సంఖ్య కలిసిన కొత్త జవాబు నా స్క్రీను మీదికి వచ్చింది. ఆదివారం సార్ ఫోన్ చేసి, "మంగళవారం పొద్దునే వచ్చేయ్, మిగతాది ముగిద్దాం," అన్నారు. గొంతు సన్నగా ఉంది. మంగళవారం మెట్రోలో నా బ్యాగులో ఉన్నవి ఆ నోట్లే. డాక్టరు చెప్పిన ఆరు నెలల్లో సార్ నాలుగే వాడుకున్నారు.

పెద్దకర్మ దాకా ఇంటినిండా బంధువులు. నేను గిన్నెలు అందించాను, కుర్చీలు వేశాను, ఆ అలమర వైపు చూడకుండా తిరిగాను. ఈలోగా పుణెవాళ్ళు అదే ఉద్యోగానికి మళ్ళీ పిలిచారు. శుక్రవారం లోపు థీసిస్ ఫలితం పంపాలి. సీనియర్ ఫోన్ చేసి, "కవరు తెరిచి రాసెయ్. సార్ ఉన్నా ఈపాటికి తెరిచేవారే. నువ్వు ఇప్పటికే ఒకసారి పోగొట్టుకున్నావు," అన్నారు. ఆయన నా మంచికే చెప్పారు. బుధవారం సాయంత్రం, కవరు తెరవాలనే నిర్ణయించుకుని ఎల్బీనగర్ వెళ్ళాను.

ఇల్లు ఖాళీ అయింది. మేడమ్ నన్ను చూసి, వంటింట్లోకి వెళ్ళి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. దాని పక్కన సార్ కళ్ళజోడు, ఎర్ర పెన్సిలు, ఆ తొమ్మిది పేజీలు కూడా పెట్టారు. "ఆయన దిండు పక్కన ఉన్నాయమ్మా. నీకు పనికొస్తాయేమో," అన్నారు. తర్వాత కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. "ఆయన అడిగేది ఇప్పుడు నేను అడగాలి కదా. ఇంకేమైనా వెతకాల్సింది ఉందా?"

పేజీలు తిప్పాను. ఒకటి, రెండు, మూడు, అన్నీ టిక్కులే. పోనుపోను టిక్కులు వాలిపోతూ, గీతలైపోతూ, ఏడో పేజీ చివర ఆగిపోయాయి. ఎనిమిది, తొమ్మిది తెల్లగా ఉన్నాయి. ఆ రెండు పేజీల్లో ఒక్క తప్పున్నా మళ్ళీ ఆరు వారాలు. శుక్రవారం ఎల్లుండే. తప్పు ఉండకపోవచ్చు కూడా. నేను జాగ్రత్తగానే రాశాను. కవరు తెరిస్తే ఐదు నిమిషాల్లో నాలుగేళ్ళూ ఒడ్డున పడతాయి. ఎనిమిది, తొమ్మిది చూడలేదని చెప్పగలిగిన మనిషి ఇప్పుడు నేనొక్కదాన్నే.

"ఉంది మేడమ్," అన్నాను. "రెండు పేజీలు మిగిలినై. నేను చదువుతుంటే ఇంకొకళ్ళు చూడాలె."

మేడమ్ డబ్బాను కాస్త పక్కకు జరిపారు. "ఎంతసేపు పడుతుంది?"

"రెండు గంటలు."

ఆమె నా వైపు చూసి మెల్లగా, "అటూ ఇటూ ఎంత?" అన్నారు.

"అరగంట మేడమ్," అన్నాను. ఆమె ఎదుటే నాకు ఏడుపొచ్చేసింది. మేడమ్ సార్ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకున్నారు. అది ఆమెకు వదులు, ముక్కు మీదికి జారుతోంది. ఎర్ర పెన్సిల్ ముల్లు అరిగిపోయి ఉంటే, కూరలు తరిగే చాకుతో చెక్కారు. "చదువు," అన్నారు.

మొదటి నంబరు చదివాను. మూత పెట్టిన డబ్బా మా ఇద్దరి మధ్యా ఉంది. మేడమ్ ఎనిమిదో పేజీ మీద వేలు పెట్టి, ఒక్కో వరసా కిందికి దిగుతూ వెతుకుతున్నారు.